విరగని ముక్క

రంపపు పళ్ళ కత్తి స్పాంజి కేకు మీదుగా మెల్లగా సాగింది. ఎర్రగా కాలిన అంచు పట్టీలా ఊడివచ్చి, ఆమె మోచేతి పక్కనున్న ట్రేలో పడింది. కేకును తిప్పి రెండో వైపు కోసింది. ఆ బేకరీలో ఒక పద్ధతుంది. కోసేసిన అంచులు, విరిగిన బిస్కెట్లు, అడుగు మాడిన బన్నులు పనివాళ్ళవి. పనివాళ్ళవని పేరే గానీ, అవన్నీ ఆమెవే. అందుకే ఆమె అందరికీ ముక్కలక్క. అసలు పేరు యజమానికి కూడా ఒక్క నిమిషం ఆలోచిస్తే గానీ గుర్తురాదు.

భారీ మనిషి. ఓవెనుకీ బల్లకీ మధ్య ఆమె నడుస్తుంటే మిగతావాళ్ళు పొట్టలు లోపలికి పీల్చి దారిస్తారు. చేతులు మాత్రం మహా తేలిక. ఆమె పూసిన క్రీము మీద గీత కనబడదు.

టీ వేళకు గుడ్డ అందుకోబోయి ట్రే వైపు చూసింది. నిండుగా ఉంది. ఒక్క అంచు కూడా నోట్లో వేసుకోలేదు. వద్దనుకుని మానలేదు, అసలు గుర్తే రాలేదు. ఈమధ్య రోజూ ఇంతే. అయినా చూసిన ప్రతిసారీ కొత్తగానే ఉంది.

"కాస్త నోరు కట్టుకోవే" అని చిన్నప్పుడు అమ్మ అనేది. పెళ్ళయ్యాక అత్తగారు అంది. ఆ తర్వాత ఎవరూ అననక్కర్లేకుండా తనే తనను అనుకుంది. కట్టుకుంది కూడా. కట్టుకుని కట్టుకుని, చివరికి వంటింటి తలుపు దగ్గరకు వేసి, నిలబడే గబగబా తినేది. ఆమె కూర్చుని స్థిమితంగా తినడం కన్నకొడుకు కూడా చూడలేదు. మోకాళ్ళ నొప్పులని వెళ్తే డాక్టరమ్మ బరువు తగ్గడానికి, వారానికోసారి పొట్ట మీద పొడుచుకునే ఇంజెక్షను రాసింది. మొదట్లో వికారంతో ప్రాణం విసిగింది. బరువు కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఆమెను ఆశ్చర్యంలో ముంచింది అది కాదు. పక్కింటి మోటారు ఆగాక గానీ ఇంతసేపూ మోగిందని తెలియనట్టు, ఒకరోజు తలలో మోత ఆగిపోయింది. తిను, ఇంకొంచెం తిను, ఎవరూ చూడటం లేదు అనే మోత.

ప్యాకింగ్ అమ్మాయి బిస్కెట్ల గుట్టల మధ్య కూర్చుని, వాటి వంకైనా చూడకుండా కూనిరాగం తీస్తోంది. ఇన్నేళ్ళూ అలాంటివాళ్ళది గొప్ప నిగ్రహమనుకుంది. కాదు, వాళ్ళకు మోగడం లేదంతే. లోకంలో ఇంతమంది ఇంత నిశ్శబ్దంలో బతుకుతున్నారా? ఆమెకు కళ్ళు చెమర్చాయి.

వెనకగదిలో మాత్రం కథ మరోలా నడిచింది. తిండి ముట్టలేదంటే అలిగినట్టే కదా. ముక్కలక్క అలిగిందని అందరూ తేల్చేశారు. చివరికి ఓవెను చూసుకునే పెద్ద మాస్టరు పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళమ్మా ఈ అలక? ఆ పేరు పెట్టింది నేనే. ఏదో నవ్వులాటకు అన్నాను. దానికి కడుపు మాడ్చుకుంటావా?"

"అలగలేదు మాస్టారూ. మందు వాడుతున్నా. ఆకలేస్తే తింటున్నా, తీరితే ఆపేస్తున్నా."

"అందులో వింతేముంది? అందరూ చేసేదే కదా."

"అదే మాస్టారూ వింత."

ఆయనకు అర్థం కాలేదు. అయినా బతిమాలడానికి వచ్చినవాడు వట్టి చేతులతో ఎలా వెళ్తాడు? "సరే, ఏం కావాలో అడుగు" అన్నాడు.

మందు ఆపితే ఆ ఆకలి తిరిగి రావచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కోరి ఒక్క ముక్క తింటే ఆ మోత ఇవాళే మొదలవుతుందేమోనని ఆమె భయం. ఆ భయంతోనే, గుర్తొచ్చినప్పుడు కూడా కేకు జోలికి పోలేదు. కానీ భయపడుతూ దూరంగా ఉండటం కూడా నోరు కట్టుకోవడమే కదా.

"ఒక ముక్క కావాలి. విరిగింది కాదు. కోసి, ప్లేట్లో పెట్టి, ముందుగదిలో."

పని ముగిశాక ఏప్రాన్ విప్పి, కొనడానికి వచ్చినవాళ్ళు తినే ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుంది. కుర్చీ కిర్రుమంది. ఎవరో తిరిగి చూశారు. చూడనీ అనుకుంది. మాస్టరే స్వయంగా ప్లేటు తెచ్చి పెట్టాడు. ఫోర్కుతో చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నిమ్మ వాసన, వెన్న, ఇంత మెత్తదనం. ఇన్నేళ్ళూ అంచులు తిన్న మనిషికి మధ్యలో ఏముంటుందో తెలియనే లేదు.

తలలో మోత కోసం చెవి ఒగ్గింది. ఏమీ లేదు. మళ్ళీ తింది, నిదానంగా, అందరి ముందూ. తింటూ తింటూ ఉండగా ఒకచోట లోపల నుంచి చాలు అని వినిపించింది. అమ్మ గొంతు కాదు, అత్తగారిది కాదు, తనదే. రేపు ఆ మోత తిరిగొస్తే రావచ్చు. వచ్చినా అది మోతే, తాను కాదు. ఆ సంగతి తెలిశాక ఆమెకు ఎన్నడూ లేనంత సంతోషం కలిగింది.

"వెళ్ళొస్తా మాస్టారూ."

"ముక్కల..." అనబోయి ఆయన ఆగాడు. "ఇంకా మిగిలిందేమ్మా."

"మిగలనివ్వండి."

రోజూ వెళ్ళే వెనకదారిన కాకుండా, ముందు తలుపు తోసుకుని ఆమె వీధిలోకి నడిచింది. కిటికీ పక్క బల్ల మీద తెల్ల ప్లేటు, అందులో సగం కేకు ముక్క, దాని పక్కన తిన్నగా పెట్టిన ఫోర్కు.