మొదటి గుక్క

యంపోకో ముసలమ్మ కల్లుకాగును సుంకం వాళ్లు గునపంతో పొడిచారు. పట్టపగలు, వాడ వాడంతా చూస్తుండగా. ఎర్రజొన్న కల్లు పొయ్యి బూడిదలో పడి నురగలు కక్కింది. ముసలమ్మ ఏడవలేదు. పెంకులు ఏరి ఒక పక్కన పేర్చుకుంది, మళ్లీ అతుక్కుంటాయన్నట్టు. తనూ కల్లు కాచే సిబ్దూ పక్క కొట్టంలో నిలబడి అంతా చూసింది. కోపం రావాలని తెలుసు. రాలేదు. లోపల ఏదీ కదల్లేదు.

కొత్త పన్ను పేరు పాపపు పన్ను. తాగుడు పాపం కాబట్టి తాగించేవాళ్లు కట్టాలట. కంపెనీ బీరుకీ, వాడలో ఆడవాళ్లు కాచే, దోలో అనే ఈ జొన్నకల్లుకీ ఒకటే కొలత. కంపెనీ సీసా మీద పన్ను బిళ్ల అంటించి ఆ భారం తాగేవాడి నెత్తిన వేస్తుంది. సిబ్దూ ఎవరి నెత్తిన వెయ్యాలి? ఆమె దగ్గర తాగేది గ్రానైటు గుంటలో రాళ్లు కొట్టేవాళ్లు. మధ్యాహ్నం వాళ్లకి ఆ సొరబుర్రెడు కల్లే కూడు. ధర పెంచితే వాళ్లు పస్తు. పెంచకపోతే ఆమెకి జొన్నలు రావు. పన్ను వేసిన దొర చల్లటి గదిలో విస్కీ తాగుతాడు, అతనికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పాపానికీ మనిషిని బట్టే తూకం.

కాచేవాళ్లకి వంతులున్నాయి. ఒక రోజు ఒక పొయ్యే వెలగాలి, అందరూ బతకాలి. ఇంకో కట్టుబాటూ ఉంది. అమ్మే మనిషి మొదటి గుక్క తాను తాగి, విషం లేదని చూపించి, అప్పుడు బుర్ర అందిస్తుంది. సుంకం వాళ్లు ఈ రెండూ కనిపెట్టారు. పొగ లేచిన ఇంటికి వస్తారు. ముందు తాగిన మనిషిని పట్టుకుంటారు. పేదల నీతే దొరలకి ఆనవాలయింది.

ఆ సాయంత్రం సిబ్దూ కొట్టంలో కాచేవాళ్లూ తాగేవాళ్లూ అందరూ చేరారు. అడవిలో దాచి కాద్దామని ఒకామె, ఈ ఏటికి కట్టేసి బతుకుదామని ఇంకొకామె వాదులాడుకున్నారు. మొలకజొన్న ఎండబెట్టే తెనే, కల్లు నోట పెట్టని మనిషి, ఉన్నట్టుండి అంది: "నా మొగుణ్ణి తినేసింది తాగుడే. పన్నేస్తే తప్పేంటంట?"

రాళ్లు కొట్టే కూకా గొంతు సవరించుకున్నాడు.

"నువ్వన్నది నిజమే అక్కా. ధర పెరిగితే మీ ఆయన తాగుడు మానేవాడా, పిల్లల సంకట్లో కోసేవాడా?"

"సంకట్లోనే కోసేవాడు," అంది తెనే.

ఆ పన్నుతో ఒక్క తాగుబోతునైనా మాన్పించారా, వాడకి ఒక్క నర్సునైనా పంపారా అని ముసలమ్మ అడిగింది. పంపింది గునపాన్నే.

అప్పుడు సిబ్దూ నోరు విప్పింది. "ఈసారి వంతు నాది. నాది కాకుండా చేద్దాం. అందరూ మొలకజొన్న తెచ్చి నా కాగులో పొయ్యండి. మొదటి గుక్క అందరం కలిసే తాగుదాం."

"మరి మాకో?" అన్నాడు కూకా.

"రెండోది నీకే. నోరు మూసుకుని తాగు తమ్ముడూ."

ఆ కాగు పగిలితే సిబ్దూ ఇల్లు పస్తే. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అయినా ఇంకెవరి కాగు గురించో అన్నట్టు చెప్పింది.

కల్లు పులిసి దిగిన రోజు సుంకం ఆఫీసరు బంట్రోతులతో వచ్చాడు. ఆడవాళ్లంతా ఒక్కసారే బుర్రలెత్తి తాగారు. తెనే కూడా కళ్లు మూసుకుని మింగింది.

"కాగెవరిది?"

"మాది."

"అమ్మేదెవరు?"

"మేమే."

ఒక్క పేరు చెబితే మిగతావాళ్లని వదిలేస్తానన్నాడు. ఎవరూ చెప్పలేదు. గునపం తెమ్మన్నాడు. రాళ్లు కొట్టేవాళ్లు సుత్తులతో వచ్చి కాగు చుట్టూ నిలబడ్డారు. సుత్తి ఎత్తలేదు, పక్కకీ జరగలేదు. ఏం చెయ్యాలో తోచక, గరిటె చేతిలో ఉందని సిబ్దూని జీపెక్కించాడు. ఆమె పెనుగులాడలేదు. గరిటె తెనే చేతికిచ్చి ఎక్కింది.

సుంకం ఆఫీసు వెనకగదిలో చతికిలబడింది. కాగు మిగిలిందో లేదో తెలియదు. భయమూ లేదు, ఏడుపూ లేదు. గోడ ఉంది, చూస్తూ కూచుంది.

బయట అలికిడైతే లేచి కిటికీ దగ్గరికెళ్లింది. వాడ వాడంతా వచ్చింది. కూకా మనుషులు తోపుడుబండి మీంచి కాగు దించుతున్నారు, ఆమె కాగే. ఆఫీసు గుమ్మం ఎదుట మూడు రాళ్లు పెట్టి నిప్పు రాజేశారు. సంతలో సరుకులమ్మే ఆడవాళ్లు కట్టెలు మోసుకొస్తున్నారు. ఆఫీసరు బయటికొచ్చి ఏంటిదని గద్దించాడు.

"కల్లు కాస్తున్నాం నాయనా," అంది యంపోకో ముసలమ్మ. "దిగడానికి మూడు రోజులు పడుద్ది. సిబ్దూని వదిలినా మానం, పన్ను తీసేదాకా ఇక్కడే కాస్తాం. కూచో."

అతను కూచోలేదు, లోపలికీ పోలేదు. గుమ్మానికి అడ్డంగా జనం.

సిబ్దూ ఊచలు పట్టుకుని పొయ్యికేసి చూసింది. "తెనే, మంటెక్కువైంది. అడుగంటుద్ది."

మాట్లాడకూడదని కాపలావాడు లాఠీతో ఊచల మీద కొట్టాడు. తెనే రెండు కట్టెలు వెనక్కి లాగింది.

"చాలా వదినా?" అని కేకేసింది.

"ఇంకొంచెం," అంది సిబ్దూ, కాపలావాడి మొహంలోకి చూస్తూ.