శోభనాద్రి గాదె

అవనిగడ్డలో ఇవాళ పాతపంటల సంఘమని బోర్డు కనిపిస్తుంది గానీ, ఆ సంఘం పుట్టింది శోభనాద్రి ఆడిన ఒక అబద్ధంలోంచి.

పాలకాయతిప్ప దారిలో ఎకరంన్నర చేను ఆయనది. డెబ్బై ఏళ్ళు. చేలో పండించిన దానికంటే అరుగుమీద పండించిందే ఎక్కువ.

"మా తాత వేసిన ఎర్రవడ్లు ఉప్పునీళ్ళలో పదిరోజులు నిలబడేవిరా. పదకొండో రోజు సముద్రానికే విసుగొచ్చి వెనక్కి పోయేది."

"ఆ విత్తనం ఇంకా ఉందా మావయ్యా?" అన్నాడు పక్కచేను కొండలరావు.

"గాదె నిండా."

రెండువేల మూడు కార్తీకంలో మురుగుకాలవ ఎగదన్ని ఉప్పునీరు చేలల్లోకి వచ్చింది. కొట్లో కొన్న విత్తనంతో వేసిన పైరు రెండురోజుల్లో కుళ్ళింది. చర్చిబడి టీచరు హన్నా అప్పటినుంచి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగేది. మన నేల తట్టుకున్నదే మనం తినాలి, దాని విత్తనం మన ఇళ్ళలోనే ఉండాలి అని ఆమె మాట. ఎండాకాలంలో గాదె సంగతి విని శోభనాద్రి అరుగెక్కింది.

"రుచి చూస్తేనే జనం కదుల్తారు బాబాయిగారూ. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పాకలో పాతికమందికి ఆ ఎర్రన్నం మీరే పెట్టాలండీ."

"పాతిక్కేమిటమ్మా, పడవలకెత్తి పంపిస్తాను" అనేశాడు.

ఆమె వెళ్ళాక భార్య బుల్లెమ్మ అటకమీది కుండ దించి ఆయన ముందు పెట్టింది. బూడిద, వేపాకు కలిపి దాచిన ఎర్రవడ్లు కుంచెడు. ఏటా పంతం కొద్దీ ఒక మడిలో వేస్తూ వచ్చిన విత్తనం. మొన్నటి ఉప్పునీటికి ముందే కోసి తెచ్చుకున్నది. ఇంకెవరిదగ్గరా గింజ లేదు.

"కుండలో కుంచెడే ఉంది. నోట్లో గాదెడుంది. ఆ నోట్లోదే వండి పెట్టండి" అంది బుల్లెమ్మ.

వండితే విత్తనం లేదు, దాస్తే పరువు లేదు. శనివారం పొద్దున రోట్లో దోసెడు వడ్లు పోశాడు. రోకలి ఎత్తాడు. దించలేకపోయాడు. గింజ గింజా ఏరి మళ్ళీ కుండలో వేశాడు.

ఆదివారం పాకలో అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. బుల్లెమ్మ రేషను బియ్యం అన్నం, ఎండు మెత్తళ్ళ పులుసు దింపింది. శోభనాద్రి కుండ మూత తీశాడు.

"గాదె లేదమ్మా. ఉన్నదింతే. వండలేకపోయాను."

కొండలరావు నవ్వాడు. "గాదె ఇంట్లో దాచి కుంచెడు పట్టుకొచ్చాడయ్యా మావయ్య. ఈయన నిజం చెప్పడం ఎప్పుడైనా విన్నామా?"

పాకంతా నవ్వింది. జన్మకో నిజం చెబితే అదీ కోతల కిందే పోయింది. శోభనాద్రికి తలెత్తబుద్ధి కాలేదు. హన్నా మాత్రం కుండ అంచుని వదలని ఆయన చేతుల్ని చూసింది. లేచి వచ్చి కొంగు పట్టింది.

"విత్తనం చేతిలో పెట్టకూడదంటారు కదా బాబాయిగారూ. ఇందులో పొయ్యండి."

గుప్పెడు పోశాడు. వెనకే ఇంకో కొంగు, ఇంకొకటి. పంట వచ్చాక గుప్పెడికి రెండు గుప్పెళ్ళు తిరిగి పొయ్యాలన్నది అక్కడే అనుకున్న మాట. చివర్న కొండలరావు కూడా, నవ్వు ఆపి, తువ్వాలు పరిచాడు. బుల్లెమ్మ తమ మడికని రెండు గుప్పెళ్ళు కొంగున ముడేసుకుంది.

ఆ ఏడు కార్తీకంలోనూ కాలవ ఎగదన్నింది. పన్నెండు మళ్ళలో ఎర్రవరి మూడురోజులు ఉప్పునీటిలో నిలబడింది. నాలుగోరోజు నీరు తీసేసరికి సగం పైరు ఒరిగింది, సగం బతికింది.

కోతలయ్యాక కొంగులన్నీ మళ్ళీ పాకలోకి వచ్చాయి. విత్తనం కుండ నిండాకే అన్నం కుండ పొయ్యెక్కాలని శోభనాద్రి పట్టుబట్టాడు. సంఘానికి ఇవాళ్టికీ అదే మొదటి కట్టుబాటు.

విస్తట్లో ఎర్రన్నం కలుపుతూ కొండలరావు అన్నాడు:

"పదిరోజులన్నావు మావయ్యా. మూడురోజులేగా నిలబడింది?"

శోభనాద్రి ముద్ద మింగి, నిండిన కుండవైపు ఒకసారి చూసుకున్నాడు.

"నీకు భయపడి సముద్రం ముందే పోయిందిరా. లేకపోతే పదీ నిలబడేది."