పాలగిన్నెలో పోటీ

“చుట్టాల పెళ్ళికి కూడా దీన్ని ఇలాగే తీసుకెళ్తే కరువులో పుట్టిందనుకుంటారు. ఇక దీన్నెవడు చేసుకుంటాడు? రేపు నేను పోతే దీని గతేంటి?”

సల్కా పైకే అనేసింది. ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. కూతురి పెళ్ళి మాట ఇప్పట్లో లేదు. అయినా ఆడపిల్ల తల్లికి భయపడడానికి కారణం వచ్చి ఎదురుగా నిలబడాలా? కూతురు నఫీసా ఒంటెపాల గిన్నె ముందు కూర్చుని గుక్క గుక్కకీ కళ్ళు మూసుకుంటోంది.

“అమ్మా, కడుపులో చోటు లేదే.”

“మీ పెద్దమ్మ కూతురికుంది కదా చోటు? నీకే ఎందుకు లేదంట?”

ఆ ఎడారి పట్టణం కీఫాలో ఆడపిల్ల ఒంటి మీది కండే పుట్టింటి కలిమి. సల్కా అక్క తెక్బర్ కూతురు తూతు దిళ్ళ మీద ఒరిగి కూర్చుంటే, వచ్చిన ఆడవాళ్ళంతా దాని జబ్బలు నిమిరి మెచ్చుకునేవారు. ఆ మెప్పు వింటుంటే సల్కాకు గొంతులో టీ దిగేది కాదు. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే గిన్నెలో తిన్నాం, అన్నీ అక్కకేనా అనుకునేది.

“సల్కా, మీ ఒంటెలు పాలివ్వడం మానేశాయా ఏంటే? కావాలంటే మా ఇంటి నుంచి పంపిస్తాలే” అని తెక్బర్ ఒకరోజు అందరి ముందూ నవ్వింది. ఆ నవ్వు సల్కాను ఇంటిదాకా వెంటాడింది.

మర్నాడే ఆమె సంతకు వెళ్ళి, గొర్రెలను బలిపించే మాత్రలు అడిగింది. కొట్టువాడు తల కూడా ఎత్తకుండా, “గొర్రెలకా? ఆడపిల్లకా?” అన్నాడు.

“గొర్రెలకే” అంది సల్కా. ముసుగు మొహం మీదికి లాక్కుని ఇంటికి వచ్చింది. మాత్రలు నలిపి పాలలో కలిపింది. నఫీసాకు చెప్పలేదు.

కొన్ని వారాల్లో పిల్ల బుగ్గలు నిండాయి. మెడ గుండ్రమైంది. పొరుగువాళ్ళు ఆగి చూశారు. తెక్బర్ కూడా చూసింది. ఈసారి నవ్వలేదు. ఆ రోజు సల్కా కడుపునిండా భోంచేసింది.

“అమ్మా, గుండె తలుపు బాదినట్టు కొట్టుకుంటోందే” అంది నఫీసా ఒకనాడు గోడ పట్టుకుని. పిల్ల ఏమైపోతుందోనని వేయి పీడకలలు సల్కా కళ్ళ ముందు తిరిగాయి. కానీ తూతు బుగ్గలు కూడా గుర్తొచ్చాయి. “ఒళ్ళు పట్టేటప్పుడు అలాగే ఉంటుందిలే” అని గిన్నె ముందుకు జరిపింది. అమ్మలారా, భయం నోరు కూడా మూయించగలదు అసూయ.

ఆ నెలలోనే రాజధాని నువాక్షోట్ నుంచి జైనబు అనే డాక్టరమ్మ వచ్చింది. ఒళ్ళు, తిండి, అందం గురించి ఆడవాళ్ళ మనసులో ఏముందో అడిగి తెలుసుకోవడం ఆమె పరిశోధన. తెక్బర్ ఇంట్లో అందరూ టీకి చేరారు. డాక్టరమ్మ ఒక అట్ట పరిచింది. దాని మీద ఆడవాళ్ళ బొమ్మలు, పుల్లలాంటి మనిషి నుంచి బాగా లావాటి మనిషి వరకు వరుసగా ఉన్నాయి.

“వీళ్ళలో అందగత్తె ఎవరు?”

అక్కాచెల్లెళ్ళ వేళ్ళు ఒకేసారి చివరి బొమ్మ మీద పడి ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

“మీ కూతురు ఎవరిలా ఉంటే హాయిగా నడుస్తుంది?”

రెండు వేళ్ళూ గాల్లో ఆగిపోయాయి.

“నన్నడగండి డాక్టరమ్మా,” అంది తూతు ఆయాసపడుతూ. “నేను ఎవరిలా ఉన్నా ఫర్లేదు, లేవాలంటే ఇద్దరు మనుషుల్ని మాత్రం ఇప్పించండి.” అందరూ నవ్వారు. తెక్బర్ నవ్వలేదు. కూతురి పాదాల వాపు వైపు మొదటిసారి చూసినట్టు చూసింది.

జైనబు నఫీసా వైపు తిరిగి చెయ్యి పట్టుకుంది. నాడి చూసింది. ఆమె మొహం మారింది.

“మొహం ఇంత నిండింది, మణికట్టు మాత్రం పుల్లలా ఉందేం? ఏం తింటున్నావమ్మా?”

“పాలే. అమ్మ ఇచ్చే పాలే.”

జైనబు పిల్ల వైపు కాదు, తల్లుల వైపు చూసింది. “లావు తప్పు కాదు, సన్నం తప్పు కాదు. పిల్ల ఆకలిని పక్కన పెట్టి, పెద్దవాళ్ళ పోటీని దాని గొంతులో పోయడం తప్పు. ఈ గుండె ఇలా కొట్టుకుంటే రేపటి సంగతి నేను చెప్పలేను. పాలలో ఏం కలుస్తోందో నాకు ఇప్పుడే తెలియాలి.”

రెండో విడత టీ పోశారు, చల్లారింది. ఆనవాయితీగా పోయాల్సిన మూడోది పోయడమే మరిచిపోయారు. తెక్బర్ ముందుకు వంగి చెల్లెలి మొహమే చూస్తోంది. ఇప్పుడు సల్కా నోరు తెరిస్తే కీఫా అంతా నవ్వుతుంది, అందరికంటే ముందు అక్క నవ్వుతుంది. నఫీసా చెయ్యి ఇంకా డాక్టరమ్మ చేతిలోనే ఉంది.

సల్కా ముసుగు వెనక్కి తోసుకుంది.

“గొర్రెల మాత్రలు. నేనే కలిపాను. అక్క కూతుర్ని మించిపోవాలని నా కూతురి ప్రాణాన్నే పందెం కాశాను.”