ఫోన్ కింద పరిచిన గుడ్డ

పొద్దున్నే లాండ్రీ షట్టర్ ఎత్తగానే అక్క చేసే మొదటి పని ఫోన్ కింద పాత దుప్పటి ముక్క పరచడం. ఆ తర్వాతే బాయిలర్ వెలిగించడం, ఇస్త్రీపెట్టెలు వేడెక్కించడం, మాసిన బట్టల మూటలు విప్పడం. ఆమె మొగుడు ఒక్కోసారి మర్చిపోయి ముందే దుకాణమంతా ఊడ్చేసేవాడు. "ఇప్పుడు ఊడ్చి ఏం లాభం? గుడ్డ లేకుండా ఫోన్ మోగితే మళ్ళీ చీపురు పట్టుకోవాల్సిందే కదా," అనేది అక్క. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. తనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలా పిలుస్తుంటే మొదట్లో మూతి ముడుచుకునేది, తర్వాత అలవాటు పడిపోయింది.

ఆ ఫోన్ పాతకాలపుది. గోడలోంచి రాగితీగ, తీగ చివర నల్లటి డబ్బా, మెలికలు తిరిగిన వైరు. తీగ ఫోన్లన్నిటికీ ఉండే గుణమే దానికీ ఉంది. అవతలి మనిషి గొంతుతో పాటు ఆ మనిషి చుట్టూ ఉన్నది కూడా కాస్త వచ్చేది. హోటల్ మేనేజరు టేబుల్ గుడ్డల కోసం ఫోన్ చేస్తే రిసీవర్లోంచి ఉల్లిపాయల ఘాటు కొట్టేది. అక్క కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడుతుంటే, ఎదురుగా నిలబడ్డ కొత్త కస్టమర్లు ఎవరో పోయారనుకుని కంగారు పడేవాళ్ళు. పిన్ని ఫోన్ చేస్తే పిల్లి వెంట్రుకలు. మంగలి షాపు ఆయన చేస్తే, ఇక చెప్పాలా, అందరి జుట్టూను. ఒకసారి ఎవరో రాంగ్ నంబరని పెట్టేసేలోపు గుప్పెడు రంపపు పొట్టు రాలింది. అక్క దాన్ని ఎత్తి బాయిలర్లో వేసింది. ఊరికే వచ్చినదాన్ని వదులుకోవడం ఆమెకి చేతకాదు.

తమ్ముడు ఫోన్ చేస్తే బొగ్గుపొడి రాలేది.

తమ్ముడు కొండల అవతల బొగ్గుగనిలో పనిచేస్తాడు. బస్సెక్కితే పగలంతా ప్రయాణం. అక్కడ సెల్లు పలకదు. వారానికోసారి డ్యూటీ దిగి, ముఖమైనా కడుక్కోకుండా, గని క్యాంటీన్ గోడకి వేలాడే ఫోన్ దగ్గర వరసలో నిలబడి అక్కకి చేసేవాడు. "ఎలా ఉన్నావురా?" అంటే ఎప్పుడూ ఒకటే జవాబు. "నాకేమక్కా, రాయిలా ఉన్నాను."

తల్లి పోయేనాటికి వాడు ఇంకా పాకుతున్నాడు. అక్కే చంకన వేసుకుని పెంచింది. అందుకే వాడి మాట ఆమె ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. గోడ మీంచి పడి మణికట్టు విరిగినా "ఏం కాలేదు" అన్నవాడు. జ్వరంతో కాలిపోతూ "ఎండలో ఆడానంతే" అన్నవాడు. ఊళ్ళో అందరితోనూ నిజమే చెప్పేవాడు, ఒక్క అక్క దగ్గరే నోరు తెరిస్తే అబద్ధం. ఆమె బాధపడితే చూడలేడు మరి. కాబట్టి ఆమె మాట వినకుండా మనిషిని చూసేది. ఇప్పుడు మనిషి దూరమయ్యాడు కాబట్టి పొడిని చూసేది.

బట్టల మీంచి రాలే పొడి గరగరలాడుతుంది, దులిపితే పోతుంది. ఛాతీలోంచి వచ్చేది వేరు. మెత్తగా, కాస్త చెమ్మగా ఉండి గుడ్డని పట్టుకుంటుంది. ఫోన్ పెట్టేశాక అక్క ఆ పొడిని చూపుడువేలితో నలిపి చూసి, "ఈ వారం దగ్గు తగ్గింది," అనో, "వీడు మందు వేసుకోవడం లేదు," అనో అనేది. ఆమె మొగుడు తల ఊపేవాడు. డాక్టరు మాటైనా కాదంటాడేమో గానీ ఆ వేలిని ఆయన ఎప్పుడూ కాదనలేదు.

"ఇక్కడికి వచ్చేయరా. వెనక గది ఖాళీగానే ఉంది. బాయిలర్ దగ్గర మనిషి కావాలి," అని ఆమె ప్రతిసారీ అడిగేది.

"బావ తిండి తింటూ బావ బాయిలర్ ఊదమంటావా? ఊళ్ళో వాళ్ళు నవ్వుతారక్కా."

"నవ్వితే పళ్ళు కనబడతాయి. నీకేం పోయింది?"

అతను నవ్వేసేవాడు. నవ్వు దగ్గులోకి దిగేది. గుడ్డ మీద నల్లటి జల్లు.

గొడవ నర్సింగ్‌హోమ్ దుప్పట్లతో వచ్చింది. ఎంతో తిరిగి సంపాదించుకున్న పని అది. ఆ రోజు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టిన, మంచులాంటి తెల్లదుప్పట్లు బల్ల మీద ఉన్నాయి. తమ్ముడికి దగ్గు తెర పట్టుకుని వదల్లేదు. రిసీవర్ని అక్క గుడ్డ వైపు తిప్పేలోపే పొడి గదంతా కమ్ముకుంది. దుప్పట్లన్నీ మళ్ళీ తొట్టిలోకి వెళ్ళాయి. ఆమె మొగుడు చెడ్డవాడు కాదు. కానీ ఆ పూటకి ఆయన ఓపిక అయిపోయింది.

"ఉతికే చోట బొగ్గు పోసుకుంటున్నాం. మనకంటే తెలివితక్కువవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?" అన్నాడు.

ఆయనే టెలిఫోన్ కంపెనీ మనిషిని పిలుచుకొచ్చాడు. ఆ మనిషి సంచిలోంచి అరచేయంత తెల్లటి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంటర్నెట్ ఫోనమ్మా. నంబరు పాతదే ఉంటుంది. వీధిలో అందరూ మారిపోయారు. మీరొక్కరే మిగిలారు."

"దీంట్లో ఏమొస్తుంది?" అంది అక్క.

"గొంతు వస్తుంది."

"గొంతుతో పాటు?"

"ఇంకేమీ రాదమ్మా. గొంతొక్కటే. అదే దీని గొప్ప," అన్నాడతను మురిసిపోతూ. "మంగలి షాపు ఆయన్ని అడగండి, ఎంత హాయిగా ఉన్నాడో."

"కరెంటు పోతే?"

"పోతే ఇదీ పోతుంది. వచ్చినప్పుడు వస్తుంది."

అక్క ఆ పెట్టెని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది. "నాకు గొంతొక్కటే చాలదు బాబూ. మా వాడి గొంతుని నమ్మితే నట్టేట మునిగినట్టే."

మొగుడూ పెళ్ళాలు ఆ సాయంత్రం వరకూ మాట్లాడుకోలేదు. చివరికి ఆయనే దిగివచ్చాడు. "సరే, ఒక మాట అనుకుందాం. ఆ పొడి తగ్గకపోతే నువ్వే వెళ్ళి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేయి. వెనక గది వాడిదే. నేనేమీ అనను. పొడి ఆగిపోతే మాత్రం తీగ తీయించి పెట్టె పెట్టిద్దాం. ఆ గదిలో బట్టలారబెట్టే మెషీను వేసుకుందాం. నర్సింగ్‌హోమ్ వాళ్ళు ఇంకోసారి ఊరుకోరు."

అక్క ఒప్పుకుంది. న్యాయమైన మాటే అనిపించింది.

ఆ వారమే పొడి ముద్దగా రాలింది. మూడు ముక్కలు మాట్లాడి ఫోన్ పెట్టేశాక ఆమె వేలితో నలిపితే నల్లటి ముద్దలో ఎర్రటి జీర కనబడింది. క్యాంటీన్‌కి తిరిగి చేసి, తమ్ముడిని పిలిపించింది.

"వచ్చే వారం బస్సెక్కుతున్నాను. సామాను సర్దుకో."

"ఎందుకక్కా? పనివాళ్ళలో కొందరిని గనిలోంచి పైకి, బొగ్గు తూకం పనికి మారుస్తున్నారు. నా పేరు కూడా అనుకుంటున్నారట. ఒక్క వారం ఆగు. మారిస్తే గాలి తగులుతుంది, అదే సర్దుకుంటుంది. ఇంతకాలం ఉండి, ఇప్పుడు వదిలేసి వస్తానా?"

"మార్చకపోతే?"

"నువ్వు రమ్మన్న బస్సుకే వస్తాను. సరేనా?"

వాడు అలా లొంగడం ఎప్పుడూ లేదు. అందుకని ఒక్క వారం ఆగింది. వెనక గది కడిగి, కిటికీకి తెర కట్టి, మంచం వేయించింది.

తర్వాతి వారం తమ్ముడి ఫోన్ వచ్చింది. అక్క రిసీవర్ని గుడ్డ మీద వంచి పట్టుకుని మాట్లాడింది. ఏమీ రాలలేదు. రిసీవర్ని అరచేతిలో తట్టి చూసింది. ఏమీ లేదు. తమ్ముడి గొంతు పక్క గదిలోంచి వస్తున్నంత తేటగా ఉంది. గుడ్డ పరిచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఈసారి ఉల్లిపాయల వల్ల కాదు.

"పైకి మార్చారా నాన్నా?" అంది.

అవతల ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడింది.

"మార్చారక్కా," అన్నాడు తమ్ముడు.

ఆ రోజు అక్క వీధంతా తిరిగి చెప్పింది. మంగలి షాపు ఆయనకి, హోటల్ మేనేజరుకి, చివరికి ఎప్పుడూ పలకరించని ఎదురింటావిడకి కూడా. "మా తమ్ముడు గనిలోంచి పైకి వచ్చేశాడు. తూకం పని. కూర్చునే ఉద్యోగం." మరో వారం చూసింది, ఇంకో వారం చూసింది. గుడ్డ తెల్లగానే ఉంది. ఇచ్చిన మాట ప్రకారం తనే మొగుడితో, "ఆ పెట్టె మనిషిని పిలవండి," అంది. అతను వచ్చి గోడలోంచి తీగ లాగి, చుట్టచుట్టి సంచిలో వేసుకుపోయాడు. వెనక గదిలోంచి మంచం తీసేసి మెషీను పెట్టారు. నర్సింగ్‌హోమ్ వాళ్ళు ఇంకో అంతస్తు దుప్పట్లు కూడా ఇచ్చారు. ఆ వానాకాలమంతా అక్క నిశ్చింతగా పనిచేసుకుంది. తమ్ముడి ఫోన్లు కాస్త పొట్టివయ్యాయి గానీ, కూర్చునే ఉద్యోగంలో కబుర్లేం ఉంటాయిలే అనుకుంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం పెట్టె మోగింది. గని ఆఫీసు గుమాస్తా. "మీ తమ్ముడిని ఆసుపత్రిలో పడుకోబెట్టారమ్మా. మిమ్మల్ని రమ్మంటున్నారు."

"ఏమైంది? తూకం దగ్గర ఏమైనా మీద పడిందా?"

"తూకమా? మీకెవరు చెప్పారు? అతను కిందే చేస్తున్నాడు. పడిపోయిన రోజు కూడా కిందే ఉన్నాడు."

అక్క గోడలో పాత తీగ కన్నం వైపు చూసింది. "మరి ఫోన్లో పొడి రాలేదే? మా తీగ ఉన్నప్పుడే ఆగిపోయిందే."

"ఇక్కడ తీగలు తీసేసి చాలా రోజులైందమ్మా. క్యాంటీన్లో, ఆఫీసులో అన్నీ పెట్టెలే. రెండు వైపులా తీగ ఉంటేనే కదా ఏదైనా వచ్చేది," అన్నాడు గుమాస్తా, సెలవురోజు ఆఫీసు ఉండదని చెప్పినంత మామూలుగా.

తన వైపు తీగ కోసం ఆమె మొగుడితో పోట్లాడింది, టెలిఫోన్ మనిషిని వెనక్కి పంపింది. మంగలి షాపు ఆయన ఫోన్లోంచి జుట్టు రావడం ఆగినప్పుడైనా, అవతల కూడా ఒక కొస ఉంటుందని ఆమెకి తట్టలేదు. మొగుడికీ తట్టలేదు. ఇంట్లో ఉన్న కొసకి కాపలా కాస్తూ కూర్చున్నారు ఇద్దరూ.

గని ఆసుపత్రిలో తమ్ముడు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదట. చొక్కా వేసిన కొయ్యలా ఉన్నాడు. డాక్టరు అక్కని వరండాలోకి పిలిచి, "వానలు మొదలవకముందు ఆ పని మానిపించి ఉంటే కొన్నేళ్ళు గడిచేవి," అన్నాడు. తిట్టినట్టు అనలేదు. తిట్టినా బాగుండేదేమో. వానలు మొదలవకముందు ఆమె మంచం తీయించి మెషీను పెట్టించింది.

ఆమె లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. దారిపొడవునా ఒకటే ప్రశ్న నమిలి నమిలి తెచ్చింది. అడక్కూడదనుకుంది. అడిగేసింది.

"ఎందుకురా చెప్పలేదు?"

తమ్ముడు మాట్లాడాలంటే ముందు గాలి కూడదీసుకోవాలి. కూడదీసుకున్నాడు.

"చెబుదామనే నోరు తెరిచానక్కా. కొత్త ఫోన్ పెట్టారు, ఇందులో ఏమీ రాదంట, నువ్వు చూసుకోలేవు అని చెబుదామనే." ఆగాడు. "ఈలోగా నువ్వు పైకి మార్చారా అని అడిగావు. ఎంత సంతోషంగా అడిగావో. చిన్నప్పటినుంచీ నేనేం చెప్పినా ముందు నా మోకాళ్ళు చూసేదానివి, చొక్కా చూసేదానివి, నుదురు ముట్టుకునేదానివి. నా మాట ఎప్పుడైనా విన్నావా? ఆ రోజు మార్చారు అన్నాను. నువ్వు సరే అన్నావు. ఇంకేమీ అడగలేదు." మళ్ళీ గాలి కూడదీసుకున్నాడు. "పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మాట నమ్మావక్కా. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు."

అక్క అతని చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళ సందుల్లో బొగ్గు ఉంది. ఆసుపత్రివాళ్ళు ఎంత కడిగినా పోలేదు. ఆమె చూపుడువేలు అలవాటుగా ఆ నలుపుని నలపబోయింది. దాన్ని అక్కడే ఆపేసింది.

"అవున్రా," అంది. "నమ్మాను."

అతను తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు పొద్దున డ్యూటీ మారే వేళకి పోయాడు.