ఐరన్ ఆకు

"నీళ్లలో ఆకుకూర పెంచడానిక్కూడా జీతమిస్తారటే?" అని ఆమె ఉద్యోగంలో చేరినరోజు అత్తగారు అన్న మాట ఆ ఇంట్లో ఇప్పటికీ నవ్వుకోడానికి పనికొస్తూనే ఉంది. చుట్టాలొస్తే భర్త దాన్ని ఇంకాస్త సాగదీస్తాడు. "మా ఆవిడది నీళ్లు పోసే ఉద్యోగమండీ. ఇంట్లో చేసేదే, అక్కడైతే డబ్బులిస్తారు." ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు.

ఆమె పనిచేసే షెడ్డులో మట్టన్నది ఉండదు. తెల్లటి గొట్టాల్లో సన్నగా పారే నీళ్లలోనే మొక్కకి కావలసినవన్నీ కలపాలి. ఆమె పెంచేది రక్తం తక్కువున్న ఆడవాళ్ల కోసం ఐరన్ ఎక్కించిన ఆకు. ఎక్కించడమంటే గుమ్మరించడం కాదు. నీళ్ల పులుపు, అంటే ఆమ్లగుణం, కాస్త తగ్గిందా, ఐరన్ కాస్తా తొట్టి అడుగున తుప్పులా పేరుకుపోతుంది. తొట్టి నిండా ఉన్నా వేరుకి అందదు, లేత ఆకులు పసుపెక్కిపోతాయి. అందుకే పొద్దున వంటా క్యారేజీలూ ముగించుకుని పరుగున వచ్చి ఆమె ముందుగా చూసేది ఆ పులుపునే. ఎవరైనా పెద్దవాళ్లు చూడ్డానికొస్తే మాత్రం మేనేజరు గొట్టాల మధ్య నిలబడి "మా ఆకు" అంటూ ఉపన్యాసం దంచుతాడు. "మేడమ్, మీరు కాస్త టీ సంగతి చూడండి" అని ఆమెని బయటికి పంపేస్తాడు.

అయినా ఆ ఉద్యోగాన్ని ఆమె కళ్లకద్దుకుంది, కూతురి కోసం. పిల్ల తొమ్మిదో తరగతి. మెట్లెక్కితే ఆయాసం, కాసేపు నిలబడితే కళ్లు తిరగడం. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తమే లేదంది. మాత్రలు వేస్తే వాంతులు. ఇక ఆకే దిక్కని, షెడ్డులో పరీక్షలకి పోగా మిగిలిన ఆకుని అడిగి తెచ్చి, నిమ్మకాయ పిండి, చలికాలమంతా వండిపెట్టింది. మళ్లీ రక్తం పరీక్ష చేయిస్తే పిల్లకి రక్తం ఇంకాస్త తగ్గింది.

తప్పు తన నీళ్లదే అనుకుంది ఆమె. ఎక్కడ ఏం జరిగినా ముందు తననే తప్పుపట్టుకోవడం ఆమెకి అలవాటే. ఆకుని ల్యాబులో మళ్లీ చూపించింది. ఐరన్ నిండుగా ఉంది. మరి ఎటు పోతున్నట్టు?

ఆ ఆదివారం వడ్డించి వంటింట్లోకి వెళ్లినట్టే వెళ్లి గుమ్మం పక్కన నిలబడింది. "ఇంకాస్త కూర!" అన్నాడు భర్త. గిన్నె ఖాళీ. కూతురు తన కంచంలోది తీసి తండ్రి కంచంలో వేసింది. "మా అమ్మే!" అని మురిసిపోయాడాయన.

అందరూ లేచాక పిల్లని పట్టుకుంది. "అది నీకోసం వండిందే! ఎందుకే అలా?"

"అయిపోయిందంటే నాన్న ముఖం అదోలా పెడతాడుగా. నువ్వూ నీది నానమ్మకి వేసేస్తావు కదమ్మా."

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. కొత్తగా నేర్చుకున్న పని తల్లికి చూపిస్తున్నంత గర్వంగా చెప్పింది. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇది పిల్లకి ఎవరో నేర్పలేదు. పుట్టిన దగ్గర్నుంచీ కళ్లెదురుగా అడుగూ బొడుగూ గీక్కుని తింటూ తనే నేర్పింది.

మర్నాడు రాత్రి భోజనాల వేళ ఆమె వడ్డించలేదు. తన కంచం, పక్కనే కూతురి కంచం పెట్టి, రెంటిలోనూ ముందుగా ఆకుకూర వేసి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కూర్చుంది.

"ఏంటీ, మహారాణీవారు అప్పుడే కొలువు తీరారు!" అన్నాడు భర్త.

ఆమె తలెత్తలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఎవరైనా వడ్డించేదుందా, లేక మేమే వేసుకోవాలా?" ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది.

కూతురు లేచింది. "నువ్వు తినమ్మా, నేనున్నాగా" అంటూ గరిటె అందుకుంది. ముందు తండ్రికి, తర్వాత నానమ్మకి వేసింది. గిన్నె అడుగు కనబడగానే తన కంచంలోది కూడా ఎత్తి వాళ్లిద్దరికీ సర్దేసింది.

అత్తగారి ముఖం విప్పారింది.

"పోన్లేరా, పిల్లన్నా చేతికి అందొచ్చింది."