సున్నా నుంచి అయిదు దాకా

"పెరటి వైపు నుంచి రా" అనే మాట మా ఇంట్లో నా పేరుకన్నా ఎక్కువసార్లు వినిపిస్తుంది. పనినుంచి రాగానే పెరట్లో స్నానం చేసి, విడిచిన బట్టలు అక్కడే ఉతికి ఆరేసి, వంటింటి తలుపులోంచి లోపలికి రావాలి. వచ్చేది వంట మొదలుపెట్టడానికే. "ఊరి మురుగంతా ఒంటికి పట్టించుకొస్తే ఎలాగమ్మా?" అంటుంది అత్తగారు, నేను వడ్డించింది తింటూనే. ఎనిమిదేళ్లుగా ఇదే తంతు.

నేను పనిచేసేది నగరపు మురుగునీటిని శుద్ధి చేసేచోట. వాసన చూడటం నా ఉద్యోగం. కాఫీ తాగకుండా, మొహానికి పౌడరైనా రాయకుండా పొద్దున్నే వెళ్లి, ప్రహరీ వెంట ఆరుచోట్ల నిలబడి గాలి పీల్చి, సున్నా నుంచి అయిదు దాకా అంకె వేసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. కంపేమీ లేకపోతే సున్నా, ముక్కు మూసుకోవాల్సొస్తే అయిదు. యంత్రం పసిగట్టనిది కూడా నా ముక్కు పసిగడుతుందని అక్కడ పేరు.

ఆరునెలల కిందట కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. నాకన్నా పదేళ్లు చిన్నది. ట్యాంకులకు మూతలు బిగించి, లోపలి గాలిని తడి చెక్కపేళ్ల గుట్టలోంచి పోనిచ్చేలా చేసింది. ఆ తడిలో పెరిగే సూక్ష్మజీవులు కంపును తినేస్తాయట. నిజంగానే తిన్నాయి, నా అంకెలు నాలుగు నుంచి ఒకటికి దిగాయి. పోనీలే మంచిదే అనుకున్నాను. కానీ ఒకరోజు నన్ను గేటు దగ్గర దింపుతూ మా ఆయన ఆవిడను చూశాడు. "ఆవిడా ఇక్కడే కదా చేసేది? పక్కనుంచి వెళ్తే ఎంత మంచి వాసనొచ్చిందో! ఆడదన్నాక ఆమాత్రం శుభ్రం ఉండాలి" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. అబద్ధమెందుకు, అది అసూయే. ఆవిడ సెంటు మీద, ఇస్త్రీ నలగని చున్నీ మీద, అన్నిటికన్నా ఆవిడ ఇంట్లోకి వెళ్లే తలుపు మీద. ముందు తలుపులోంచే వెళ్తుంది కాబోలు. సోఫాలో కూలబడితే ఎవరో మంచినీళ్లు తెచ్చిస్తారు. పళ్లెంలో పెట్టిన ఆ గ్లాసు కూడా నాకు కనిపించేది.

పోయిన సోమవారం తూర్పు మూల పేళ్లు ఎండిపోయాయని నా ముక్కుకు తెలిసింది. నీళ్లు చిలకరించే గొట్టం పూడుకుపోయింది. మూడు వెయ్యాల్సిన చోట ఒకటి వేసి ఊరుకున్నాను. మంగళ, బుధవారాలూ అంతే. ఆవిడకి బాగా కావాలి అనుకున్నాను.

గురువారం పక్క కాలనీవాళ్లు గేటు ముందుకొచ్చి అరిచారు. పెద్దసారు అందరి ముందూ ఆవిడతో, "రేపటికల్లా కారణం తేల్చకపోతే మీ పేళ్లూ వద్దు, మీరూ వద్దు" అన్నాడు. ఆవిడ రిజిస్టరు పట్టుకుని, మేం బట్టలు మార్చుకునే గదికి వచ్చి తలుపేసింది.

"అక్కా, అందరూ కంపంటున్నారు. మీరేమో ఒకటి వేశారు. మీ అంకె ఎప్పుడూ తప్పు కాదని సారుకి గట్టిగా చెప్పొచ్చాను."

నేను తల దించుకుని బట్టల సంచీ సర్దుకోసాగాను.

"నా ముక్కు పనిచెయ్యదక్కా. రెండేళ్ల కిందట జ్వరమొచ్చినప్పుడు పోయింది. ఇక్కడెవరికీ చెప్పలేదు. మీ అంకెలు చూసుకునే నడిపిస్తున్నా." గొంతు తగ్గించింది. "ఒకటి అడగనా? నా మీద వాసనొస్తోందా? మా ఆయన వేరే గదిలో పడుకుంటున్నాడు. అందుకే ఇంత సెంటు కొట్టుకుంటా. ఎంత కొట్టుకున్నానో నాకే తెలీదు."

ప్రహరీ దగ్గర పీల్చినట్టే ఆవిడ జుట్టు దగ్గర, మెడ దగ్గర, అరచేతుల దగ్గర గాలి పీల్చాను. సెంటు, సబ్బు, పొద్దుటినుంచి ఏమీ తినని నోరు. అంతే.

"సున్నా" అన్నాను. ఆవిడకు ఏడుపాగలేదు.

రిజిస్టరు అందుకుని మూడు ఒకట్లూ కొట్టేసి ఒక్కోచోటా మూడు వేశాను. "తెలిసే తప్పు రాశాను. తూర్పు మూల గొట్టం పూడింది" అని పక్కన రాసి సంతకం పెట్టాను.

"ఎందుకక్కా?"

"మిమ్మల్ని చూసి ఓర్వలేక."

ఆవిడ కళ్లు తుడుచుకుని తూర్పు మూలకు వెళ్లింది. సాయంత్రానికి గొట్టం బాగైంది, నాకు మెమో వచ్చింది.

ఇంటికొచ్చి ముందు తలుపు తోశాను. మా ఆయన ముక్కు మూసుకున్నాడు. "పెరటి వైపు నుంచి రమ్మన్నానా? ఏంటీ కంపు!"

నా అరచేతులు వాసన చూసుకున్నాను. భుజం, జుట్టు కొస కూడా చూసుకున్నాను. ఈసారి తప్పుడు అంకె వెయ్యదలచుకోలేదు.

"సున్నా" అని చెప్పి సోఫాలో కూర్చుని, మంచినీళ్లు తెమ్మన్నాను.