లోపల వదిలిన గుడ్డ

మా ఆయన సుభానికి కత్తెర పట్టడం వచ్చు, మాట వినడం రాదు. తిరువూరు మెయిన్ రోడ్డులో నలభై ఏళ్ళుగా ఆయన బట్టలు కుడుతున్నారు, నేను కాజాలు కుడుతున్నాను. బోర్డు మీద మాత్రం ‘సుభాని టైలర్స్’ అనే ఉంటుంది. ఎవరి చొక్కా కుట్టినా లోపల రెండు పక్కలా రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదలడం ఆయన అలవాటు. రేపు మనిషి లావైతే కుట్లు విప్పి వదులు చేసుకోవచ్చు. రెడ్డిగూడెం మామిడితోటల రైతులు తమ పెళ్ళికి కుట్టించుకున్న చొక్కా కొడుకు పెళ్ళికీ వేసుకున్నారంటే అందుకే.

ఈ ఏడాది ఎండలు ముదరకముందు విజయవాడ ఎగుమతుల వ్యాపారి సురేష్ బాబు గారు పదకొండు ఫుట్‌బాల్ చొక్కాల పని తెచ్చారు. అమెరికాలో లూమ్‌ఫీల్డ్ అనే బట్టల మిల్లు ఊరి క్లబ్బువి. ఆ క్లబ్బు చరిత్రను మా అమ్మాయి తహమీనా ఫోనులో చదివి చెప్పింది.

మొదట్లో ఆ మిల్లు కూలీలు షిఫ్టు దిగి సరదాకి ఆడుకునేవాళ్ళట. జనం ఎగబడి చూస్తుంటే యజమాని టికెట్టు పెట్టి, ఆటగాళ్ళకు జీతాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. స్కాట్లాండు నుంచి కూడా మనుషుల్ని ఓడలో రప్పించాడు. వారమంతా మగ్గం, శనివారం ఆట. 1926లో మహా మహా పట్నాల జట్లను ఓడించి కప్పు కొట్టారు. తర్వాత గడ్డురోజులొచ్చి మిల్లు మూతపడింది, దాంతోపాటే క్లబ్బూ పోయింది. కప్పుకి నూరేళ్ళు నిండాయని ఇప్పుడు వాళ్ళ మనవలు ఒక ఆట పెట్టుకున్నారు. పాత ఫోటోలోలాగే మెడ దగ్గర తాడు బిగించే చొక్కాలు కావాలి. తాడు దూర్చే కాజాలు చేత్తోనే కుట్టాలి. ఆ పనికి విజయవాడలో ఎవరూ ఒప్పుకోక మా దాకా వచ్చింది.

నేను ఊరుకుంటానా? అమెరికా పని వచ్చిందని విస్సన్నపేటలో ఉన్న మా చెల్లెలి దాకా చాటేశాను.

పని పూర్తయ్యాక సురేష్ బాబు గారు ఒక చొక్కా తిరగేసి చూసి మొహం మాడ్చుకున్నారు. లోపల అంత గుడ్డ వేలాడితే నాసిరకం పని అనుకుంటారని, అది కత్తిరిస్తేనే సరుకు పంపుతానన్నారు. మా ఆయన తల అడ్డంగా ఊపారు.

“కొలతలు వాళ్ళే రాసి పంపారు కదండి. నడుము కొలత నిజం చెప్పే మగాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. ఆ గుడ్డ ఉండాల్సిందే.”

నాకు ఒళ్ళు మండింది. ఈయన మొండితనానికి పని వెనక్కి పోతే ఊళ్ళో తలెత్తుకోగలమా? కానీ సురేష్ బాబు గారు మా కత్తెర అందుకోగానే నాకే చెయ్యి ఆగలేదు, చొక్కా లాక్కున్నాను. కత్తిరించేదుంటే సరుకు ఇక్కడే వదిలి వెళ్ళమన్నాను. గడువు దగ్గరపడిందని అలాగే తీసుకెళ్ళారు. చొక్కాలు తిరిగొచ్చాయంటే ఇక మా గడప తొక్కనని మరీ చెప్పి వెళ్ళారు.

నెల రోజులు నాకు అన్నం సయించలేదు. మా ఆయన మాత్రం ఏమీ పట్టనట్టు కుట్టుకుంటూ కూర్చున్నారు.

ఒక ఉదయం తహమీనా ఫోను పట్టుకుని షాపుకొచ్చింది. ఆట రోజున పదకొండు మందిలో ఏడుగురికి చొక్కాలు పట్టలేదట. ఆటగాళ్ళలో ఒకరి భార్య లోపలి గుడ్డ చూసి, కుట్లు విప్పి, అక్కడికక్కడే వదులు చేసిందట. తర్వాత ఆవిడకే అనుమానమొచ్చి, అద్దాల పెట్టెలో దాచిన నూరేళ్ళనాటి చొక్కాను తీయించి తిరగేసి చూసింది. దాని లోపల కూడా రెండు వేళ్ళ గుడ్డ ఉంది.

ఆ ఫోటో పంపించారు. మా ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

“ఎవరు కుట్టారో గానీ, మన మనిషే,” అన్నారు.

క్లబ్బు చరిత్రలో గోలు కొట్టిన వాళ్ళ పేర్లున్నాయి, యజమాని పేరుంది, మైదానంలో సున్నం గీతలు గీసిన వాడి పేరు కూడా ఉంది. చొక్కాలు కుట్టిన చేతి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ పొరపాటు మళ్ళీ చెయ్యం, ఈసారి కుట్టిన వాళ్ళ పేరు రాసుకుంటాం, చెప్పండి అని వాళ్ళు అడిగారట. తహమీనా ‘సుభాని’ అని కొట్టబోయింది.

“ముందు మీ అమ్మ పేరు, పీర్‌బీ అని రాయమ్మా. నా పేరు తర్వాత,” అన్నారు మా ఆయన.

నలభై ఏళ్ళలో నేను అడిగింది ఏదీ విని ఎరగని మనిషి, అడగనిది ఇచ్చారు. గర్వంగా విస్సన్నపేట చెల్లెలికి ఫోను చేశాను. ఈసారి నా పేరుతో సహా చెప్పాను.